జాజ్‌కీ మడేనా?

జాజ్ రసికుల్లో కొందరి తీర్పులు వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1970లో మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’లో ఎలక్ట్రిక్ పియానోలు మోగాయో లేదో, డబ్బుకి అమ్ముడుపోయాడన్నారు. 1973లో హెర్బీ హాంకాక్ ‘హెడ్ హంటర్స్’ జనం ఎగబడి కొంటే, జనానికి నచ్చింది కనుక అది జాజే కాదట! ఇదెక్కడి న్యాయమండీ?

అసలు జాజ్ పుట్టిందే న్యూ ఆర్లీన్స్ కలగలుపులో. 1947లో డిజ్జీ గిలెస్పీ పక్కన క్యూబా నుంచి వచ్చిన చానో పోజో కాంగా వాయిస్తే ‘మాంటెకా’ తయారైంది. ఆ కాంగా తీసేసి వినండి, ఏం మిగులుతుందో!

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలుకి తలలూపిన జాతి మనది. ఫిడేలు మాత్రం సముద్రం దాటి రాలేదూ? నచ్చకపోతే నచ్చలేదనండి, కాదనను. మైలపడిందంటే మాత్రం ఊరుకోను!