పసుపుపచ్చ కేసెట్టు

మంచి వస్తువును గురించి నలుగురు కూచుని అయిదు నిమిషాలకు మించి మాట్లాడలేరు. ఒకడు "బాగుంది" అంటాడు, రెండోవాడు "అవును, బాగుంది" అని తలూపుతాడు, అంతటితో సరి. చెడ్డదాన్ని గురించయితే తెల్లవార్లూ మాట్లాడుకోవచ్చు. ఈ సంగతి మొన్న దసరా సెలవుల్లో మా ఇంట్లోనే రుజువైంది.

హైదరాబాదునుంచి మా తమ్ముడు వచ్చాడు. పోర్టులో పనిచేసే మా బావగారూ, అక్కయ్యా, ఇంజనీరింగు చదువుతూన్న వాళ్ళబ్బాయీ వచ్చారు. పొద్దుటినుంచీ ఒకటే వాన. బీచికి వెళదామనుకున్నవాళ్ళమల్లా మానుకుని అందరం హాల్లో చేరాము. మా మేనల్లుడు ఫోను తిప్పుతూ, "మావయ్యా, మీ చిన్నప్పటి వీడియో గేములన్నీ ఇప్పుడు దీంట్లోనే ఆడొచ్చు, తెలుసా?" అన్నాడు. "అది సరేగాని, అన్నిటిలోకీ పరమ చెత్త గేము ఏదో చెప్పు చూద్దాం" అన్నాడు మా తమ్ముడు. అంతే! వంటింట్లోంచి భోజనాలకు రెండుసార్లు పిలుపు వచ్చినా ఎవ్వరమూ లేవలేదు.

మా నాన్నగారు మాత్రం కిటికీదగ్గర పడక్కుర్చీలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని వున్నారు. స్టీలుప్లాంటులో చేసి రిటైరయినవారు. ఆ పేపరు వెనక ఆయన వింటున్నారో, నిద్రపోతున్నారో చెప్పడం మాకెవరికీ సాధ్యం కాదు.

తమ్ముడు ముందే తయారై వచ్చినట్టున్నాడు. "వాదించేందుకేముంది? ఈ.టీ.!" అన్నాడు. ఆ కథ నిజంగా వినదగ్గదే. 1982లో స్పీల్‌బర్గు తీసిన ఈ.టీ. సినిమా లోకాన్ని ఊపేసింది. అమెరికాలో అటారీ కంపెనీవారు దానిమీద వీడియో గేము చేయడానికి హక్కులు కొన్నారు. బేరాలు తెమిలేసరికి జూలై నెలాఖరయింది. క్రిస్మసునాటికి సరుకు కొట్లలో వుండాలి. హోవర్డ్ స్కాట్ వార్షా అనే అతన్ని పిలిచి, సుమారు అయిదు వారాల్లో ముగించమన్నారు. నెలల తరబడి పట్టే పని అది. పాపం, ముగించాడు. అందులో ఆ గ్రహాంతరవాసి మాటిమాటికీ గోతుల్లో పడిపోతూవుంటుంది. మెడ సాచి పైకి తేలడం, తేలగానే మళ్ళీ పడడం. నలభై లక్షల కేసెట్లు చేస్తే సగానికి పైగా అమ్ముడుపోలేదు. 1983లో కంపెనీవారు మిగిలిపోయిన రకరకాల సరుకును న్యూమెక్సికోలో అలమగోర్డో అనే ఊరి చెత్తదిబ్బలో పూడ్చిపెట్టారు. అదంతా పుకారేనని కొందరూ, కాదని కొందరూ ముప్ఫై ఏళ్ళు వాదించుకున్నాక, 2014 ఏప్రిల్‌లో తవ్విచూస్తే కేసెట్లు బయటపడ్డాయి. గోతుల్లో పడే ఆటను గోతిలోనే కప్పెట్టారన్నమాట.

నాకు మాత్రం ఆ వార్షామీద జాలి కలిగింది. అతనే చేసిన యార్స్ రివెంజ్ అనే ఆటను తెలిసినవాళ్ళు ఈనాటికీ మెచ్చుకుంటారు. మూడుగంటల పేపరుకు అరగంట టైమిచ్చి, సరిగా రాయలేదని సున్నా చుడితే ఎల్లా? ఇరవై ఏళ్ళుగా పేపర్లు దిద్దుతూన్నవాణ్ణి కనక చెబుతున్నాను.

"ఇంతకీ ఆ ఆట నువ్వు ఆడావా?" అని అడిగారు బావగారు.

"ఎక్కడ దొరుకుతుంది బావా? చదివాను."

"అయితే చెల్లదు. భోజనం చెయ్యని పెళ్ళిలో వంకాయకూరకు వంకలు పెట్టకూడదు. ఆడిన ఆటయితేనే చెప్పండి."

బావగారు ఇరవై ఏళ్ళుగా యూనియన్ మీటింగులకు వెళ్ళే మనిషి. ఆయన పెట్టిన రూలును కాదనే ధైర్యం మాకు లేదు.

మా మేనల్లుడు అందుకున్నాడు. వాళ్ళు హాస్టల్లో పనిగట్టుకుని ఒక లారీ పందెం ఆడారట. బిగ్ రిగ్స్ అని, 2003లో కంప్యూటర్లకు వచ్చింది. పందెమంటే రెండు లారీలుండాలి గదా, వున్నాయి. కాకపోతే అవతలి లారీ బయలుదేరిన చోటే నిలబడి వుంటుంది, కదలదు. మన లారీ ఇళ్ళమధ్యనుంచి గాలిలాగ దూసుకుపోతుంది, నిట్రమైన కొండమీదికి చదునురోడ్డెక్కినట్టు ఎక్కేస్తుంది. వెనక్కి నడిపితే వేగానికి అంతూ పొంతూ వుండదు. చివరికి ఎల్లాగూ నువ్వే గెలుస్తావు. అప్పుడు తెరమీద పెద్ద అక్షరాలతో 'యువార్ విన్నర్' అని పడుతుంది. ఇంగ్లీషులో అక్కడ 'ఏ' అనో 'ది' అనో ఒక ముక్క వుండాలి. అదీ లేదు! వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి, నేను నవ్వినంతగా అక్కడ మరెవరూ నవ్వలేదు. గాజువాకలో లారీలు తోలేవాళ్ళు ఈ ఆట చూస్తే ఏమంటారో అన్నారు బావగారు.

దానికి అందరమూ చేతులెత్తేవాళ్ళమే. కాని మా తమ్ముడు, "నవ్వు వచ్చినదాన్ని చెత్త అనకూడదన్నయ్యా. అది డబ్బులు గిట్టిన ఆటే" అన్నాడు. ఆ మాటలో కొంత సబబుందనిపించింది.

అప్పుడు హనుమంతుడి ప్రస్తావన వచ్చింది. మనవాళ్ళ ఘనతకూడా చెప్పుకోవద్దూ? 2009లో హనుమాన్ బాయ్ వారియర్ అని ప్లేస్టేషన్ 2కి ఒక గేము వచ్చింది. హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్‌వారు చేశారు. సోనీవారు విడుదల చేశారు. ఆ యంత్రానికి పూర్తిగా మనదేశంలో తయారైన మొట్టమొదటి ఆట అదే. సమీక్షలు రాసినవాళ్ళు ఏకగ్రీవంగా పెదవి విరిచారు. అంతలో అమెరికాలో నెవాడానుంచి రాజన్ జెడ్ అనే ఆయన, దేవుణ్ణి మీటలు నొక్కి ఆడించడం అపచారమనీ, ఆటను వెనక్కి తీసుకోవాలనీ అభ్యంతరం లేవదీశారు.

ఇక్కడ నేనూరుకోలేకపోయాను. ఆట బాగాలేదంటే ఒప్పుకుంటాను. మీట నొక్కితే అపచారమేమిటి? మన తోలుబొమ్మలాటలో హనుమంతుణ్ణి వందల ఏళ్ళుగా పుల్లలు కట్టి ఆడిస్తూనే వున్నారు గదా. తోక పైకి లేపినా, లంక కాల్చినా అంతా తెరవెనక ఆ ఆడించేవాడి వేళ్ళలోనే వుంది. చూసేవాళ్ళు దణ్ణం పెట్టుకున్నారేగాని, తప్పన్నారా? హనుమంతుడి విషయంలో అపచారమల్లా ఆయన్ని సరిగా ఎగరనివ్వకపోవడమే. "మావయ్య క్లాసు మొదలెట్టాడు" అని మా మేనల్లుడు గొణిగాడు. నేను విననట్టు వూరుకున్నాను.

ఎంతకీ తేలకపోయేసరికి అసలు చెత్త ఆట అంటే ఏమిటో ముందు తేల్చమన్నారు బావగారు. కష్టమైన ఆట చెత్తది కాదు. కాంట్రా ఎంత కష్టం! మూడు ప్రాణాలూ మూడు నిమిషాల్లో పోయేవి. కాని ప్రతిసారీ ఎందుకు పోయిందో తెలిసేది, తప్పు మనదే. మళ్ళీ ఆడితే ఇంకో పది అడుగులు ముందుకు వెళ్ళేవాళ్ళం. మన తప్పు లేకుండా మనల్ని ఓడించేదే చెత్త ఆట అన్నాను. దానికి అందరూ ఒప్పుకున్నారు.

ఒప్పుకుని మా తమ్ముడు నా ముఖంలోకి చూశాడు. నేను వాడి ముఖంలోకి చూశాను. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది.

1992 ఆగస్టులో ప్రధాని పి.వి. నరసింహారావుగారు విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మాకు ఉక్కునగరంలో క్వార్టరు దొరికిన ఏడు కూడా అదే. మరి రెండేళ్ళకు, 1994 వేసవిలో, నాన్నగారు మాకు టీవీ గేము కొన్నారు. నింటెండోవారి యంత్రం జపానులో 1983లోనే వచ్చింది. మనదేశంలో సమురాయ్ అనే పేరుతో అసలు సరుకు దొరికేదిగాని, మాబోటివాళ్ళ అందుబాటులో లేదు. మాకు అందినవి దాని నకళ్ళు. అచ్చం అదే ముఖం, అవే మీటలు. కేసెట్టు దూర్చి, బొమ్మ రాకపోతే తీసి వుఫ్ వుఫ్‌మని ఊది మళ్ళీ దూర్చేవాళ్ళం. నిజానికి పని చేసింది ఆ తీసి దూర్చడమే. మా ఊపిరి తడికి లోపలి రేకులు తుప్పు పట్టేవని పెద్దయ్యాక తెలిసింది.

సెట్టుతో తుపాకీ రాలేదు. అది విడిగా కొనాలి. బాతులాటకు తుపాకీయే ప్రాణం. దాంట్లోంచి ఏమీ బయటికి రాదు, అది కాల్చే తుపాకీ కాదు, చూసే తుపాకీ. మీట నొక్కగానే రెప్పపాటు తెరంతా నల్లబడి, బాతు వున్నచోట తెల్లని చదరం మెరుస్తుంది. ఆ వెలుగు తుపాకీ గొట్టంలోని కంటికి తగిలితే బాతు పడినట్టు. అందుకే ఇప్పటి పల్చటి టీవీలమీద ఆ పాత తుపాకీ పనిచెయ్యదు. గురి తప్పితే గడ్డిలోంచి ఒక కుక్క లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

ఇక కేసెట్టు. పసుపుపచ్చగా, చేటంత అట్టపెట్టెలో వచ్చింది. పెట్టెమీద '9999 ఆటలు ఒకదానిలో' అని ఇంగ్లీషులో వుంది. డాబాగార్డెన్స్ వైపు ఒక కొట్లో రెండువందల డెబ్బై రూపాయలు పోసి నాన్నగారు తెచ్చారు. ఆ రోజుల్లో మాకది చిన్న డబ్బు కాదు. ఆయన సీ షిఫ్టుకు వెళ్ళాక ఇద్దరమూ టీవీముందు కూచున్నాము. ఒకటో ఆట మారియో. రెండోది ట్యాంకులు. మూడోది బాతులు. అల్లా ఏడెనిమిది చూశాక మళ్ళీ మారియో. పేరు వేరు, మూడో మెట్టునుంచి మొదలు, అంతే తేడా. మళ్ళీ ట్యాంకులు. నూట పదహారో నంబరు నొక్కినా మారియోయే. తమ్ముడికి అప్పుడు పదేళ్ళు. ఏడవడానికి సిద్ధమయ్యాడు.

తెల్లారి నాన్నగారు డ్యూటీ దిగి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, "ఎలాగుందిరా?" అని అడిగారు. "బ్రహ్మాండం నాన్నా! ఆడినకొద్దీ వస్తూనే వున్నాయి!" అన్నాను నేను. తమ్ముడుకూడా తలూపాడు. ఒకసారి అన్నాక ఇక తప్పదు గదా. వేసవంతా, ఆయన ఇంట్లో వున్నప్పుడల్లా, ఆ కేసెట్టే పెట్టుకుని కొత్త ఆట దొరికినట్టు కేకలు వేసేవాళ్ళం.

ఈ కథంతా తమ్ముడు గొంతు తగ్గించే చెప్పాడు. పూర్తయ్యేసరికి హాల్లో చప్పుడు లేదు. పేపరు కిందికి దిగింది.

"ఏటిరా, ఆ పచ్చ కేసెట్టా?" అన్నారు నాన్నగారు.

ఇద్దరమూ నేల చూపులు చూశాము.

"ఏడు" అన్నారు. "తొమ్మిదివేలూ లేవు, గిమ్మిదివేలూ లేవు. ఏడే ఆటలు. బీ షిఫ్టు దిగి వచ్చీసరికి మీరు నిద్రపోయేవారు. సౌండు తీసీసి, రోజుకి కొన్ని లెక్కెట్టేను. రెండువందల దాకా చూసి, కాగితమ్మీద రాసుకుని ఆ కొట్టుకి వెళ్ళేను."

"మాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?" అన్నాడు తమ్ముడు.

"ఏటని చెప్తాను? వాడు కాగితం అంతా చూసి, 'పిల్లలు బాగాలేదంటున్నారా మాస్టారూ?' అనడిగేడు. లేదు, బ్రహ్మాండం అంటున్నారని చెప్పేను. 'మరి మీకేటి బాధ?' అన్నాడు. నేనేటంటాను? వచ్చీసేను."

మా అక్కయ్య నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు నవ్వూ రాలేదు, మాటా రాలేదు. మేము ఒక్క నిజం చెప్పివుంటే ఆయన ఆ కేసెట్టు మార్పించుకు వచ్చేవారు.

బావగారు మాత్రం సభ మరిచిపోలేదు. "అయితే మావయ్యగారూ, రూలు ప్రకారం మీరూ ఆడినవారే. ఆ ఏడింటిలో అన్నిటికంటె చెత్తది ఏది?"

నాన్నగారు ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

"బాతులాట. తుపాకీ లేదు గదా, ఏటి నొక్కినా ఒక్కటీ పడదు. ఎగిరిపోతాయి. అర్ధరాత్రి, డ్యూటీ బట్టలైనా విప్పకుండా కూచుంటే, ఆ కుక్క లేచి నాకేసి చూసి నవ్వేదిరా!"