మైలేజీ ఎంత అని అడిగే ముందు ఎర్ర లైటు సంగతి చూడండి

కొత్త స్కూటర్ లాంచ్ అయిన పది నిమిషాల్లో నాకొచ్చే మొదటి మెసేజ్ ఒకటే: "అన్నా, మైలేజీ ఎంత?" టచ్ డిస్‌ప్లే ఉందా, బ్లూటూత్ నావిగేషన్ ఉందా అన్నవి ఆ తర్వాతే. పెట్రోల్ లీటరు వంద దాటి ఏళ్లయింది కాబట్టి ఆ ప్రశ్నలో తప్పేం లేదు. కాకపోతే ఫోన్ల విషయంలో మనకి బాగా తెలిసిన ఒక సంగతిని బండి దగ్గరికొచ్చేసరికి వదిలేస్తున్నాం. ఆన్‌టుటు స్కోర్ చూసి ఆ ఫోన్ బ్యాటరీ మీ చేతిలో సాయంత్రం దాకా వస్తుందో లేదో చెప్పలేం కదా. ఏఆర్ఏఐ మైలేజీ నంబర్ కూడా అంతే. ఆ టెస్ట్ ల్యాబ్‌లో రోలర్ల మీద, ముందే రాసిపెట్టిన స్పీడ్ ప్రకారం జరుగుతుంది. కార్ల టెస్ట్‌లో గరిష్ఠ వేగం గంటకి 90 కిలోమీటర్లే. మీ ఊరి సెంటర్‌లో లైటు ఎన్ని సెకన్లు ఎర్రగా ఉంటుందో ఆ రోలర్లకి తెలీదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నెల్లూరులో బండి నడిపేవాళ్లకి, ఒక మోడల్‌కీ ఇంకో మోడల్‌కీ మధ్య స్పెక్ షీట్‌లో కనిపించే రెండు మూడు కిలోమీటర్ల తేడా కంటే, సిగ్నల్ టైమింగూ, మనం పోయే స్పీడూ తెచ్చే తేడానే పెద్దది. దాని గురించి రివ్యూలు రాసేవాళ్లం మాట్లాడటం లేదు, కొనేవాళ్లు అడగడం లేదు.

ఒక్కసారి ఆగితే ఎంత ఖర్చు?

ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి. కదిలే వస్తువులో శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బ్రేక్ వేసిన ప్రతిసారీ ఆ శక్తి వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. మళ్లీ కదలాలంటే దాన్ని పెట్రోల్‌తోనే కొనుక్కోవాలి. మనుషులతో కలిపి 1,000 కిలోల చిన్న కారు తీసుకుందాం. లీటరు పెట్రోల్‌లో సుమారు 33 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. అందులో చక్రాల దాకా చేరేది నాలుగో వంతు అనుకుందాం. అప్పుడు ఆగిన కారుని 40 కిలోమీటర్ల స్పీడ్‌కి తేవడానికి దాదాపు 7.5 మి.లీ. కావాలి. అదే 60కి తేవాలంటే దాదాపు 17 మి.లీ. స్పీడ్ ఒకటిన్నర రెట్లు పెరిగితే ఖర్చు రెండు రెట్లు దాటింది, చూశారా?

దీనికి సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబడే ఖర్చు కలపండి. చిన్న పెట్రోల్ కారుకి అది నిమిషానికి సుమారు 10 మి.లీ. ఆఫీసుకి పోతూ ఐదు చోట్ల, వస్తూ ఐదు చోట్ల, ఒక్కో నిమిషం ఆగితే నెలకి 25 రోజుల్లో సుమారు 4.4 లీటర్లు సిగ్నళ్లకే సమర్పణ. ఇది 40 స్పీడ్ నుంచి ఆగేవాళ్ల లెక్క. లైటు పడేలోపు దాటేద్దామని 60లో దూసుకొచ్చి గట్టిగా బ్రేక్ కొట్టేవాళ్లకి అదే 6.7 లీటర్లు దాటుతుంది.

స్కూటర్ తేలిక కాబట్టి దానికి ఒక స్టాప్‌కి ఒకటిన్నర మి.లీ. లోపే. మరి కృష్ణపట్నం పోర్టు నుంచి లోడ్‌తో వచ్చే 40 టన్నుల లారీ? 40 స్పీడ్ నుంచి ఒక్కసారి ఆగి మళ్లీ ఆ స్పీడ్ అందుకోవాలంటే దాదాపు 190 మి.లీ. డీజిల్. అంటే వంద స్కూటర్లు ఆగిన దానికంటే ఎక్కువ. ఖాళీగా ఉన్న అడ్డరోడ్డు కోసం ఒక లారీని ఆపే సిగ్నల్ ఎంత ఖరీదైనదో ఆలోచించండి. ఆ డీజిల్ డబ్బు చివరికి సరుకు రేటులో కలిసి మన ఇంటికే వస్తుంది.

గ్రీన్ వేవ్ అంటే ఇదే

రెండు సిగ్నళ్ల మధ్య 400 మీటర్లు ఉందనుకుందాం. 40 స్పీడ్‌లో పోతే 36 సెకన్లు పడుతుంది. మొదటిది పచ్చ పడిన 36 సెకన్లకి రెండోది కూడా పచ్చ పడేలా సెట్ చేస్తే, ఆ స్పీడ్‌లో వచ్చేవాడు ఆగక్కర్లేదు. 60లో వచ్చేవాడు 24 సెకన్లకే వచ్చి 12 సెకన్లు ఎర్ర లైటు ముందు నిలబడతాడు. తొందరపడిన వాడికే నష్టం! కోపెన్‌హేగెన్‌లో సైకిళ్ల కోసం 20 కిలోమీటర్ల స్పీడ్‌కి ఇలా సెట్ చేసిన రోడ్లున్నాయి. ఏ స్పీడ్‌లో పోతే తర్వాతి లైటు పచ్చగా దొరుకుతుందో డ్యాష్‌బోర్డ్ మీదే చూపించే ఫీచర్‌ని ఆడి 2019లో కొన్ని నగరాల్లో తెచ్చింది.

ఇదంతా మనకి దూరం అనుకోవద్దు. గూగుల్ 'గ్రీన్ లైట్' ప్రాజెక్ట్ మ్యాప్స్ డేటా చూసి ఏ కూడలిలో టైమింగ్ ఎంత మార్చాలో ట్రాఫిక్ ఇంజనీర్లకి సూచిస్తుంది. కొత్త హార్డ్‌వేర్ అక్కర్లేదు. 2023 అక్టోబర్ నాటికి అది 12 నగరాల్లో 70 కూడళ్లలో నడుస్తోంది, వాటిలో హైదరాబాద్, బెంగళూరు, కోల్‌కతా ఉన్నాయి. స్టాప్‌లు 30 శాతం వరకు, కూడళ్ల దగ్గర ఉద్గారాలు 10 శాతం వరకు తగ్గొచ్చని గూగుల్ అంచనా. కంపెనీ చెప్పుకున్న నంబర్ కాబట్టి కొంచెం తగ్గించి చూసినా, ఫోన్లలో ఉన్న డేటాతోనే ఇంత పని జరగడం మామూలు విషయం కాదు.

గ్రీన్ వేవ్‌తో అన్నీ తీరిపోతాయని మాత్రం నేను అనను. ఒక వైపు ట్రాఫిక్‌కి కుదిరిన టైమింగ్ ఎదురు వైపుకి కుదరకపోవచ్చు. మన రోడ్ల మీద ఆటో, బస్సు, గేదె అన్నీ ఒకే స్పీడ్‌లో రావు. వీఆర్సీ సెంటర్ లాంటి చోట రోడ్డు దాటే ముసలావిడకి కావల్సిన సెకన్లు పెట్రోల్ కంటే ముఖ్యం, వాటిని కోసి మైలేజీ పెంచుకోకూడదు. అయినా ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఒకే టైమింగ్ పెట్టడానికి మాత్రం కారణం కనిపించదు.

హైవే మీద అసలు శత్రువు గాలి

16వ నంబర్ జాతీయ రహదారి ఎక్కాక సిగ్నల్ గోల తగ్గి గాలి గోల మొదలవుతుంది. గాలి అడ్డు కూడా వేగం వర్గాన్ని బట్టే పెరుగుతుంది. నెల్లూరు నుంచి గూడూరు దాదాపు 40 కిలోమీటర్లు. 80లో పోతే అరగంట, 100లో పోతే 24 నిమిషాలు. మిగిలే ఆరు నిమిషాల కోసం 56 శాతం ఎక్కువ గాలిని తోసుకుంటూ పోవాలి. 80తో పోలిస్తే 45-55 మధ్య 40 శాతం వరకు ఎక్కువ మైలేజీ వస్తుందని కేంద్రం కింద పనిచేసే పీసీఆర్ఏ చాలాకాలంగా చెప్తోంది. హైవే మీద 50లో పొమ్మని నేను చెప్పను, వెనక లారీ ఊరుకోదు. 100కి బదులు 80 అంటే మాత్రం న్యాయమే.

మన తీరానికి ఇంకో లెక్క ఉంది. మధ్యాహ్నం మైపాడు బీచ్‌కి బయల్దేరితే సముద్రపు గాలి ఎదురొస్తుంది. మీరు 50లో ఉండి ఎదురుగాలి 20 ఉంటే, బండి 70లో పోతున్నంత గాలి అడ్డు. అంటే దాదాపు రెట్టింపు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కదా అంటారా? లెక్క వేస్తే రానూపోనూ సగటున 16 శాతం నష్టమే మిగులుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్నవాళ్లు కిలోమీటరుకి ఎన్ని వాట్-అవర్లో డిస్‌ప్లే మీదే చూసుకోవచ్చు. వాటికి బ్రేక్ వేసినప్పుడు కొంత శక్తి బ్యాటరీకి తిరిగొస్తుంది గానీ, గాలికి పోయింది రాదు.

ఏ గ్యాడ్జెట్ కొనాలి?

ఓబీడీ పోర్ట్‌లో గుచ్చితే మైలేజీ పెరుగుతుందని అమ్మే డబ్బాలు మాత్రం వద్దు. అలాంటి 'నైట్రో ఓబీడీ2'ని 2018లో క్వార్క్స్‌ల్యాబ్ అనే సెక్యూరిటీ సంస్థ విప్పి చూస్తే, లోపల ఎల్ఈడీలు మెరవడం తప్ప ఏ పనీ లేదు. అదే పోర్ట్‌కి మామూలు ఈఎల్ఎం327 డాంగిల్ పెట్టి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ వేసుకోండి. పెట్రోల్ ఎప్పుడు ఎంత పోతోందో కళ్ల ముందే కనబడుతుంది. దూరంగా ఎర్ర లైటు కనిపించగానే యాక్సిలరేటర్ వదిలి గేర్‌లోనే రండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో అప్పుడు ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్ వేస్తే ఐడిల్ కోసం పోస్తూనే ఉంటుంది. ఐత్రీఎస్, ఐడ్లింగ్ స్టాప్ లాంటి ఫీచర్ మీ బండిలో ఉంటే ఆఫ్ చేయకండి. లేకపోతే కౌంట్‌డౌన్ టైమర్ 30 పైన చూపించినప్పుడు కీ తిప్పేయండి.

అన్నిటికంటే నాకు కావల్సిన ఫీచర్ షోరూమ్‌లో దొరకదు. ఏ సిగ్నల్ ఏ వేళ ఎన్ని సెకన్లో ఊరి సిగ్నల్ ప్లాన్ అందరికీ తెరిచి పెట్టాలి. స్తంభం మీద తిరిగే ఆ కౌంట్‌డౌన్ నంబర్ మన మ్యాప్‌లోకి రావడానికి రాకెట్ సైన్స్ అక్కర్లేదు. అది కావాలన్నా పక్కనే శ్రీహరికోట ఉంది! అప్పటిదాకా ఒక పని చేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసి, రోజూ ఆగే సిగ్నళ్ల టైమింగ్ ఒక వారం రాసుకోండి. ఎర్రది ఎంత, పచ్చది ఎంత, అవతలి రోడ్డు ఖాళీగా ఉందా లేదా. ఆ కాగితంతో మున్సిపల్ కార్పొరేషన్‌కో ట్రాఫిక్ పోలీసులకో అర్జీ పెడితే, "సిగ్నల్ బాలేదు సార్" అన్న మాట కంటే దానికి బరువెక్కువ. రోజంతా బండి మీదే బతికే డెలివరీ కుర్రాళ్లకి, ఆటోవాళ్లకి ఆ సెకన్లే నెలాఖరున మిగులు.