పాతబట్టకు వెల కట్టండి



హైదరాబాదులో చదువుకుంటున్న పిల్లలు పాతబట్టలు కొనుక్కోవడాన్ని ఈ మధ్య ‘థ్రిఫ్టింగ్’ అంటున్నారు. మా మనుమరాలు ఆ మాట అన్నప్పుడు అదేదో నేను చదవని వ్యాకరణ సంజ్ఞ కాబోలనుకున్నాను. ఒకరు కట్టి విడిచిన వస్త్రాన్ని తక్కువ వెలకు కొని తాము తొడుక్కోవడమేనట! పాతకాలపు పెద్దలు వింటే ముక్కున వేలు వేసుకుందురు. నాకు మాత్రం అది తప్పుగా తోచలేదు. పైగా అటువంటి దుకాణం ఒకటి మా భద్రాచలంలో ఉండాలనీ, నగరవాసులు మా మన్యానికి ఉచితంగా పంపే పాతబట్టల మూటల కంటె అదే మేలనీ చెప్పదలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పరుల బట్ట మైల అన్న భావం మనలో గట్టిదే. కాని దానిని మనమే ఎన్నిచోట్ల సడలించుకున్నామో గమనించండి. పురిటిబిడ్డ ఒంటికి మొదట చుట్టేది పాతబట్టనే. పదిసార్లు ఉతికి మెత్తబడిన నూలుబట్ట కోసం పెట్టెలన్నీ వెదుకుతాం. అన్న చొక్కా తమ్ముడికి దిగుతుంది. అమ్మమ్మ చీరలు నాలుగు కలిపి కుడితే బొంత అవుతుంది. బెజవాడ కనకదుర్గమ్మకు భక్తులు సమర్పించిన చీరలను దేవస్థానంవారు విక్రయిస్తే ప్రసాదమని కళ్ళకద్దుకుని కొనుక్కుంటాం. ఇక పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆడవాళ్ళు మా ఖమ్మం వీధులలో బుట్ట దించినప్పుడల్లా ఎంత బేరం జరిగేదో నాకు తెలుసు. నాలుగు చీరలూ రెండు ప్యాంట్లూ ఇస్తే మూత ఉన్న గిన్నె ఇస్తావా, మూత లేనిదేనా అని మా ఇంట అరగంట వాదం. ఆ బుట్టలోకి పోయిన బట్టలు ఆవిరైపోవు కదా. ఉతికి, బొత్తాలు కుట్టి, ఇస్త్రీ చేస్తే ఇంకొకరి ఒంటిమీదికి చేరుతాయి. పాతబట్ట వ్యాపారం మనకు కొత్త కాదు, దానికి ఇంగ్లీషు పేరే కొత్త.

నగరానికి వెళ్ళినప్పుడల్లా ఆదివారం నాడు ఆబిడ్సు కాలిబాటల మీద పాతపుస్తకాలు వెదకడం నాకు చిరకాల వ్యసనం. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము ప్రతి ఒకటి నాకు అక్కడనే దొరికింది. లోపల ఎవరో మహానుభావుడు సిరాతో తన పేరూ ఊరూ రాసుకుని, అక్కడక్కడ ఎర్రపెన్సిలుతో గీతలు గీసుకున్నాడు. పరుల చేతిచెమట పీల్చిన ఆ పుస్తకాన్ని దేవుడి గదిలో పెట్టుకున్నా ఎవరూ మైల అనలేదు.

మొన్న సంక్రాంతికి ముందు ఆదివారం ఎర్రగడ్డ బజారుకు కూడా వెళ్ళాను. మెట్రో స్తంభాల నీడన కాలిబాట పొడుగునా పాత మిక్సీలు, సైకిళ్ళు, బూట్లు, బట్టలు. ఒక కూలి తల్లి తన కొడుకుకు స్వెట్టరు కొంటున్నది. మొదటిదాన్ని వాసన చూసి పక్కకు విసిరింది. రెండవదాని చంకలో కుట్టు ఊడిందని అమ్మేవాడికే చూపించింది. మూడవది పిల్లవాడికి తొడిగి, వెనక్కి తిప్పి, చేతులు పైకెత్తించి చూసి, రంగు బాగులేదని విప్పేసింది. నాలుగవదానికి అడిగిన ధరలో సగానికి బేరమాడి, ఇవ్వకపోతే పో అన్నట్లు నాలుగడుగులు వేసి, పిలిపించుకుని మరీ కొన్నది. ఆ రంగు బాగులేదన్న మాట నాకు ఎంతో నచ్చింది. చలికి తాళడానికే అయితే మూడవది చాలును. ఆమె కొన్నది తన బిడ్డకు నప్పే స్వెట్టరు.

మా వైపు నేను చూసినది వేరు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం వద్ద 75.6 అడుగులకు పెరిగింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని చెబితే ఆ నీరు ఎంతటిదో మీకు బోధపడుతుంది. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు పండితుణ్ణి. వరదబాధితులకు ఆశ్రయమిచ్చిన ఒక బడిలో పాతబట్టల పంపిణీకి నన్నూ నిలబెట్టారు. మూటలు విప్పితే జిప్పు లేని ప్యాంట్లు, ఒంటి చెయ్యి చొక్కా, లంగా లేని చీరలు, ఎవరి కొలతకో కుట్టిన జాకెట్లు. వరుసలో నిలబడిన ప్రతివారికీ చేతికందినది ఒకటి ఇచ్చి పంపడమే మా పని. ఒక కోయ ముసలమ్మ తనకు వచ్చిన గౌనును అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా, మా బల్ల మీదనే మడతపెట్టి వెళ్ళిపోయింది. మా జట్టులో ఒకాయన “దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెడతారా?” అని విసుక్కున్నాడు. 2022 జూలైలో నది మళ్ళీ 71.3 అడుగులకు వచ్చింది. నేను ఉద్యోగ విరమణ చేసి ఉన్నాను. మూటలు మాత్రం అవే.

ఇది మా ఒక్కరి అనుభవమే కాదు. 2004 సునామీ తరువాత నాగపట్నం తీరాన ఎవరికీ పనికిరాని పాతబట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి.

పళ్ళు లెక్కపెట్టవద్దన్న సామెత పుచ్చుకునేవాడికి చెప్పినది. ఇచ్చేవాడికి చెప్పిన కథ కఠోపనిషత్తులో ఉంది. వాజశ్రవసుడు యజ్ఞం చేసి, ఇక నీరు త్రాగవు, మేత మేయవు, పాలివ్వవు అన్న ముసలి ఆవులను దానం చేస్తుంటే, కన్నకొడుకు నచికేతుడు చూసి ఇటువంటి దానం వల్ల ఏ లోకం వస్తుందని కలతపడతాడు. ఆ కథను తరగతిలో చెప్పినప్పుడల్లా నాకు ఆ గౌను గుర్తుకు వచ్చేది. మా పర్ణశాలలో సీతవాగు రాళ్ళ మీది చారలను సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులని చూపిస్తారు. వాల్మీకంలో కైక ఇచ్చిన ఆ నారచీర ఎట్లా కట్టుకోవాలో తెలియక జానకి నిలబడిపోతే రాముడే వచ్చి ఆమె పట్టుచీర మీద ముడివేస్తాడు. ఎవరో ఎంచి ఇచ్చినది కట్టుకోవడంలోని కష్టం మహారాజు కోడలికీ తప్పలేదు.

పాశ్చాత్యులు ఈ చిక్కును ఎన్నడో గ్రహించారు. బోస్టనులో ఎడ్గార్ హెల్మ్సు అనే మతగురువు 1902లో సంపన్నుల ఇళ్ళనుండి పాత సామాను పోగుచేయించి, దానిని బాగుచేసే పని పేదవారికే ఇచ్చి, తక్కువ వెలకు అమ్మించాడు. అదే గుడ్‌విల్ సంస్థ. అమెరికా వెళ్ళిన నా శిష్యుడొకడు తన సంసారంలో మొదటి చలికోటూ మొదటి కుక్కరూ అక్కడివేనని ఏ జంకూ లేకుండా చెబుతాడు. మన దేశంలో అన్షు గుప్తా 1999లో స్థాపించిన ‘గూంజ్’ వేరొక దారి పట్టింది. ఊరివారు కలిసి బావి తవ్వుకుంటేనో, బాట వేసుకుంటేనో, ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలిస్తారు. ఆయనకు 2015లో మెగసెసె పురస్కారం వచ్చింది. రెండింటిలోనూ బట్టకు వెల ఉంది, ఒకచోట పైకం, ఒకచోట చెమట. వెల చెల్లించినవాడికి ఇది నాకు వద్దు అనే నోరు ఉంటుంది. మా వరుసలో నిలబడినవారికి లేనిది ఆ నోరే.

పేదవాడి దగ్గర పాతబట్టకు కూడా డబ్బు గుంజుతారా అని కొందరు నన్ను నిలదీశారు. వారు మా సంతలు చూడలేదు. చింతపండూ ఇప్పపువ్వూ తెచ్చి అమ్మిన కోయ ఆడది ఆ డబ్బుతో చీర కొనేటప్పుడు పది చీరలు విప్పిస్తుంది. కొంగును వెలుతురుకు పట్టి నేత చూస్తుంది. తడివేలితో రుద్ది రంగు పోతుందేమో పరీక్షిస్తుంది. ఆమెకు ఎంచడం రాదనుకున్నది మనమే. ఇక వరద ముంచిన వారానికి నేను చెప్పే మాట వర్తించదు. అప్పుడు బేరాలాడేదెవరు? కాని అప్పుడు ఇవ్వవలసింది కొత్త చీర, కొత్త లుంగీ, కొత్త తువ్వాలు. అవి పెద్ద ఖర్చూ కావు.

నేతగాళ్ళ నోట మట్టికొట్టడం కాదా అన్నది ఇంతకంటె గట్టి ప్రశ్న. దిగుమతి పాతబట్టల దెబ్బకు తట్టుకోలేక రువాండా 2016లో సుంకం పెంచింది. మన దేశంలోనూ విదేశీ పాతబట్టల దిగుమతికి ఆంక్షలున్నాయి. ఉన్నిపేలికలను తిరిగి అమ్ముకోకుండా కత్తిరించి మరీ తెప్పించుకోవాలి. వాటిని పానిపట్టులో వడికి కంబళ్ళు నేస్తారు. నేను చెబుతున్నది ఓడల మీద వచ్చే సరుకు కాదు, హైదరాబాదు బీరువాలలో మురుగుతున్న సరుకు. మా ఊళ్ళకు ఉచితంగా వచ్చి పడినా, వెలకు వచ్చినా ఆ చొక్కా ఒకటే. నేతగాడికి కొత్తగా కలిగే నష్టం దీనివల్ల లేదు.

కనుక నా సూచన ఇది. నగరంలో బట్టలు పోగుచేసే ఉత్సాహవంతులు అక్కడనే వాటిని ఏరి, ఉతికి, బొత్తాలు కుట్టి పంపండి. తమరు తొడుక్కోనిది మూటలో వేయకండి. భద్రాచలంలో, చర్లలో, దుమ్ముగూడెంలో పొదుపు సంఘాల ఆడవాళ్ళు సంతరోజున అమ్మనీయండి. పదీ ఇరవై ముప్ఫై రూపాయలు, మిగిలినది వారికే. అద్దె గదికోసం ఐటీడీఏవారిని అడగవచ్చు. నిలువుటద్దం ఒకటి తప్పక ఉండాలి. కుట్టుమిషనూ ఒకటి కావాలి, జాకెట్లు వదులు చేయడానికీ ప్యాంట్లు పొట్టి చేయడానికీ. మిషను కుట్టడం వచ్చిన నా పాత విద్యార్థినులు ఇద్దరు ఇప్పటికే సరే అన్నారు. మూటలు పంపగలవారు ఎవరైనా ఉంటే చెప్పండి; మొదట పిల్లల స్వెట్టర్లు కావాలి, పుష్యమాసంలో మా అడవి అంచున చలి బాగా ఉంటుంది.