లై డిటెక్టర్, నార్కో పరీక్షలపై జిల్లా న్యాయవాదుల సంఘం తీర్మానం

నేర దర్యాప్తులో పాలీగ్రాఫ్, నార్కో ఎనాలిసిస్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలను ఎంతవరకు నమ్మవచ్చు, వాటికి నిందితుల సమ్మతిని ఎలా తీసుకుంటున్నారు అన్న విషయాలపై ప్రత్యేకంగా సమావేశమైన మా జిల్లా న్యాయవాదుల సంఘం సర్వసభ్య సమావేశం, సుదీర్ఘ చర్చ అనంతరం, ఈ తీర్మానాన్ని ఆమోదించింది.

ముందుగా యంత్రం సంగతి. పాలీగ్రాఫ్ పరీక్షలో మనిషి ఛాతీకీ పొట్టకీ ఊపిరిని కొలిచే గొట్టాలు చుడతారు. జబ్బకు బీపీ పట్టీ బిగిస్తారు. వేళ్లకు చెమటను పసిగట్టే తొడుగులు తగిలిస్తారు. తెర మీద గీతలుగా కనిపించేవి ఊపిరి, నాడి, రక్తపోటు, చెమట మాత్రమే. ఇవి భయానికీ మారతాయి, అవమానానికీ మారతాయి, కోపానికీ మారతాయి. అబద్ధం ఆడినప్పుడు మాత్రమే కనిపించే శారీరక లక్షణాన్ని ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. 1921లో అమెరికాలోని బర్క్‌లీ పోలీసు శాఖలో జాన్ లార్సన్ ఈ యంత్రానికి రూపమిచ్చాడు. అప్పటినుంచి పరికరాలు ఎంతో మెరుగయ్యాయి గానీ ఈ మూలలోపం అలాగే ఉంది.

ఎక్కువగా వాడే పద్ధతిలో రెండు రకాల ప్రశ్నలు కలిపి అడుగుతారు. ‘ఆ రాత్రి ఆమె గొంతు నులిమింది నువ్వేనా?’ అనేది కేసు ప్రశ్న. ‘నిన్ను నమ్మినవాళ్లను ఎప్పుడైనా మోసం చేశావా?’ అనేది దానితో పోల్చి చూడటానికి వేసే ప్రశ్న. దోషి మొదటి ప్రశ్నకు ఎక్కువగా అదురుతాడని, నిర్దోషి రెండోదానికే ఎక్కువగా తడబడతాడని లెక్క. హత్యానేరం మీదపడిన అమాయకుడు తన ప్రాణం మీదికొచ్చిన ప్రశ్నను తేలిగ్గా దాటేసి, ఎప్పుడో చేసిన చిన్న మోసం గుర్తొచ్చి కలవరపడతాడని ఆశించడం మనిషి స్వభావానికే విరుద్ధమని ఈ సమావేశం అభిప్రాయపడుతోంది.

అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2003 నివేదిక ఈ పరీక్షను పూర్తిగా కొట్టిపారేయలేదు. ఒక నిర్దిష్ట సంఘటన గురించి అడిగినప్పుడు పాలీగ్రాఫ్ గుడ్డి ఊహ కంటే చాలా మెరుగ్గా పనిచేస్తుందని, అయితే పూర్తి కచ్చితత్వానికి చాలా దూరంలో ఉంటుందని తేల్చింది. ఆ నివేదికలోని ఒక లెక్కను మా సభ్యులందరూ గుర్తుపెట్టుకోవాలి. 10,000 మంది ఉద్యోగుల్లో 10 మంది గూఢచారులు ఉన్నారనుకుందాం. వారిలో 8 మందిని పట్టుకునేలా పరీక్షను బిగిస్తే, వారితోపాటు దాదాపు 1,600 మంది నిర్దోషులు కూడా అనుమానితుల జాబితాలోకి వస్తారు. ఒక ఊరిలో నేరం జరిగిందని డజన్లకొద్దీ జనాన్ని వరసగా పరీక్షకు కూర్చోబెట్టినప్పుడు జరిగేది కూడా ఇలాంటిదే. మరోవైపు, అసలు దోషులు దాటిపోయిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలో పదుల సంఖ్యలో స్త్రీలను చంపిన గ్యారీ రిడ్జ్‌వే 1984లోనే పాలీగ్రాఫ్ పరీక్షలో నెగ్గాడు. అరెస్టయింది 2001లో, డీఎన్ఏ ఆధారంతో. సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అమ్మిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ ఆ ద్రోహం సాగుతున్న కాలంలోనే రెండుసార్లు పరీక్ష దాటాడు.

నార్కో పరీక్షలో సోడియం పెంటథాల్ ఎక్కించి మనిషిని మగతలో ఉంచి ప్రశ్నిస్తారు. ఆ మందు నోటిని అదుపు తప్పిస్తుందే తప్ప నిజాన్ని పైకి తీయదు. మగతలో ఉన్నవాడు నిజం చెప్పవచ్చు, కలను చెప్పవచ్చు, అడిగినవాడు అందించిన మాటనే తిరిగి చెప్పవచ్చు. మెదడు సంకేతాలను నమోదు చేసి చూసే బ్రెయిన్ మ్యాపింగ్ విషయంలో 2008 నాటి పుణె కేసును ఈ సమావేశం గుర్తుచేస్తోంది. ఆ పరీక్ష నివేదికను కూడా ఆధారం చేసుకుని సెషన్స్ కోర్టు ఒక యువతికి యావజ్జీవ శిక్ష వేసింది. అదే ఏడాది బెంగళూరు నిమ్హాన్స్ సంచాలకుడి అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం ఆ పరీక్షకు శాస్త్రీయత లేదని చెప్పింది. తర్వాత బాంబే హైకోర్టు ఆమెకు బెయిల్ ఇచ్చింది.

చట్టం స్పష్టంగానే ఉంది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, సమ్మతి లేకుండా ఈ మూడు పరీక్షల్లో దేనినీ చేయరాదని, చేస్తే రాజ్యాంగంలోని 20(3), 21 అధికరణలను ఉల్లంఘించినట్లేనని తీర్పు చెప్పింది. సమ్మతితో చేసిన పరీక్ష ఫలితం కూడా సాక్ష్యంగా చెల్లదు. దాని సాయంతో తర్వాత బయటపడిన వస్తువు, సమాచారం మాత్రమే, నాటి సాక్ష్య చట్టం 27వ సెక్షన్ మేరకు, నేటి భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ మినహాయింపు మేరకు చెల్లుతుంది. అయినా ఆ తీర్పు తర్వాత కూడా బిహార్‌లో ఒక బెయిల్ దరఖాస్తు విచారణలో, నిందితులందరికీ నార్కో చేస్తామన్న పోలీసు అధికారి ప్రతిపాదనను హైకోర్టు అంగీకరించింది. 2025 జూన్ 9న అమలేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేయవలసి వచ్చింది.

ఫలితం కోర్టులో చెల్లనప్పుడు ఇంత ఆందోళన ఎందుకని చర్చలో కొందరు సభ్యులు అడిగారు. హాని కోర్టు మెట్లు ఎక్కకముందే జరిగిపోతుందన్నది మా సమాధానం. పరీక్షలో ‘తేడా వచ్చింది’ అన్న మాట సాయంత్రానికల్లా టీవీల్లో వస్తుంది. దర్యాప్తు అధికారి మిగతా దారులు వదిలేసి ఆ ఒక్క మనిషి చుట్టూనే తిరుగుతాడు. ఒప్పుకోలు రాబట్టడానికి ‘మిషనే చెప్పింది’ అని బెదిరించవచ్చు. ఇక సమ్మతి ఎలా పుడుతుందో మాలో క్రిమినల్ పక్షం చూసేవారందరికీ తెలిసిందే. ‘నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతం లేకుండా’ అని ముందే టైపు చేసిన కాగితం, కింద వేలిముద్ర, పక్కన స్టేషన్‌కు అలవాటైన ఇద్దరు మధ్యవర్తుల సంతకాలు. చదవడం రాని మనిషి పోలీసు కస్టడీలో, వకీలు ముఖం చూడకముందు పెట్టిన ఆ వేలిముద్రను సమ్మతిగా ఈ సంఘం ఒప్పుకోదు. నిందితుడు పరీక్షకు ఒప్పుకోకపోతే ‘దాచేది ఏమీ లేకపోతే భయమెందుకు’ అనే మాట ఎదురవుతుంది. రాజ్యాంగం ఇచ్చిన మౌనహక్కును నేరానికి గుర్తుగా చూపే ఆ మాటను ఈ సమావేశం తీవ్రంగా ఖండిస్తోంది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులే కొన్నిసార్లు నార్కో చేయించండని రోడ్డెక్కుతున్నారు. వారి బాధను, దర్యాప్తు మీద పోయిన నమ్మకాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఆ నమ్మకం తిరిగి రావాలంటే ఘటనా స్థలాన్ని మొదటి గంటలోనే కాపాడాలి, నమూనాలు చెడకుండా ల్యాబుకు చేరాలి, నివేదికలు నెలల తరబడి ఆగకూడదు. ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్వయంగా ఘటనా స్థలానికి వెళ్లాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 176(3) సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వం డబ్బు, సిబ్బంది పెట్టవలసింది అక్కడ.

కాబట్టి ఈ సమావేశం తీర్మానించినదేమనగా:

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో పాలీగ్రాఫ్‌పై జారీ చేసిన మార్గదర్శకాలను మన జిల్లాలో ఈ మూడు పరీక్షలకూ అక్షరాలా అమలు చేయాలి. నిందితుడు తన వకీలుతో ఏకాంతంగా మాట్లాడిన తర్వాతే, జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ఎదుటే సమ్మతి నమోదు కావాలి. అతను ఎంతకాలంగా కస్టడీలో ఉన్నాడో, విచారణ ఎలా సాగిందో మేజిస్ట్రేటు అడిగి తెలుసుకోవాలి. స్టేషన్‌లో రాసిన సమ్మతి పత్రాలను ఏ దశలోనూ పరిగణించరాదు.

పరీక్షకు నిరాకరించిన సంగతిని రిమాండ్ రిపోర్టులో గానీ, బెయిల్‌ను వ్యతిరేకించే కౌంటరులో గానీ రాయరాదు. ఫలితాన్ని పత్రికలకు వెల్లడించిన అధికారిపై శాఖాపరమైన చర్య తీసుకోవాలి. అదే న్యాయం మాకూ వర్తిస్తుంది: తమ కక్షిదారు పరీక్షలో నెగ్గాడన్న కారణంతో బెయిల్ కోరే అలవాటును ఈ సంఘం సభ్యులు మానుకోవాలి. నమ్మదగనిదని మనమే అంటున్న నివేదిక మనకు అనుకూలంగా వచ్చినంత మాత్రాన నమ్మదగినది కాదు.

ఈ పరీక్షలను పూర్తిగా నిషేధించాలని కోరాలన్న సవరణ చర్చకు వచ్చి వీగిపోయింది. తగిన దశలో, తన ఇష్టంతో, కోర్టు అనుమతితో పరీక్ష కోరుకునే నిందితుడికి సుప్రీంకోర్టు తెరిచి ఉంచిన దారిని మూయమని అడగడం డిఫెన్స్ వకీళ్లకు తగదని మెజారిటీ సభ్యులు భావించారు.

వకీలును పెట్టుకునే స్తోమత లేని నిందితుడిని పరీక్షకు ఒప్పించబోతున్నారని తెలిసిన వెంటనే ఉచితంగా వెళ్లి నిలబడేందుకు ప్రతి మేజిస్ట్రేటు కోర్టు పరిధిలో సభ్యుల జాబితా తయారుచేసి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అందజేయాలి. ఈ తీర్మానం ప్రతులను హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కు, డీజీపీకి, జిల్లా ప్రధాన న్యాయమూర్తికి, జిల్లా పోలీసు అధికారికి పంపవలసిందిగా కార్యదర్శిని కోరడమైనది.