గృహవిషయములు: ఇసుకతొట్టిలోని తాబేలు

అమెరికాలో కాపురముండు సోదరి యొకరు, తమ కుమారుని ముచ్చట తీర్చుటకై మెత్తచిప్ప తాబేలు నొకదానిని కొనితెచ్చితిమనియు, ఇసుక పోసిన గాజుతొట్టి పదిదినములకే కంపుకొట్టుచున్నదనియు, ఇసుక తీసివేసి గులకరాళ్లు పోయవచ్చునా యనియు మాకు వ్రాసినారు. ఆమె యింట ఏడేండ్ల బాలుడేగాక రెండేండ్ల పసిపాపయు గలదట. కావున ప్రశ్న చిన్నదైనను కొంత విరివిగానే విచారింపదలచితిమి.

ఇసుకను తీయనేకూడదు. తక్కిన తాబేళ్లకు ఎముకపై గట్టి పలకలుండును. ఈ జాతికి తోలువంటి మెత్తని చర్మము మాత్రమే కలదు. గులకరాళ్లపై ప్రాకినచో పొట్ట గీచుకొనిపోవును, ఆ గీత మురికినీటిలో పుండగును. అదియునుగాక ఈ ప్రాణి దినములో హెచ్చుభాగము ఇసుకలో పూడుకొని, పొడవైన మెడను నీటిపైకి సాచి, గొట్టమువంటి ముక్కుతో గాలి పీల్చుచుండును. దాగుటకు చోటు లేనిచో బెదరి మేత మానును. నీటిలో కరగియున్న ప్రాణవాయువును చర్మముద్వారాను గొంతులోని పొరద్వారాను కూడ కొంత గ్రహింపగలదు. కాగా నీటిలోని మాలిన్యము దీనిని బాధించినంతగా గట్టిచిప్ప తాబేళ్లను బాధింపదు.

పిల్లల ఆటకై సంచులలో అమ్ము సన్నని ఇసుక ఇందుకు చాలును. దానిని బకెట్టులో వేసి, బియ్యపు కడుగువలె వచ్చు నీరు తేటయగువరకు పలుమారులు కడిగి, తాబేలు పూర్తిగా పూడుకొనునంత మందమున పరువవలెను. అంతకు మించిన మందము చెరుపే గాని మేలు కాదు.

ఇక కంపు మాట. మన సోదరి, నీరు తేటగానే యున్నదని వ్రాసినారు. తేటదనమును నమ్మరాదు. తాబేటి మలమూత్రములనుండియు తినక విడిచిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది కంటికి కానరాని విషము. ఫిల్టరులోని స్పంజిపై పెరుగు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిమ్మట అంత హానికరముగాని నైట్రేటుగాను మార్చును. క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు నెలకొనుటకు కొన్ని వారములు పట్టును. అంతవరకు నీటిని తరచుగా మార్చుచు, అంగడిలో దొరకు పరీక్షాద్రవములతో చూచుకొనుచుండవలెను. అమ్మోనియాయు నైట్రైటును సున్నగా నుండవలెను. శుభ్రతయందు మిక్కిలి మక్కువగల గృహిణులే యిచ్చట పొరపడుదురు: స్పంజిని కొళాయిక్రింద తెల్లగా ఉతికి ఆరవేయుదురు. కొళాయినీటిలోని క్లోరిను ఆ మేలుచేయు జీవులను చంపును. తొట్టినుండి తీసిన నీటిలోనే దానిని మెల్లగా పిండి మరల అమర్చవలెను. ఫిల్టరు, చేపల లెక్కకు చెప్పినదానికంటె రెండుమూడింతలు శక్తిగలదై యుండవలెను. అది నీటిని పీల్చు గొట్టము ఇసుకకు కొన్ని అంగుళముల ఎత్తున లేనిచో, తాబేలు ఇసుకను త్రవ్వినప్పుడెల్ల రేణువులు లోనికిపోయి యంత్రమును పాడుచేయును.

సన్నని ఇసుకయందు ఒక సుగుణము కలదు. మురికి లోనికి దిగక పైననే నిలుచును. గులకరాళ్లలోనైనచో సందులలో చేరి క్రుళ్లును. సైఫను గొట్టమును ఇసుకకు అంగుళమంత ఎత్తున పట్టి మెల్లగా త్రిప్పినయెడల మురికి లేచివచ్చును, ఇసుక నిలిచిపోవును. గొట్టమును నోటితో పీల్చి ఎన్నడును ప్రారంభింపరాదు. చేతిపంపు గలవి దొరకును. వారమునకొకసారి ఇసుకను ఒక్కొక్క మూలగా వ్రేళ్లతో కలియబెట్టవలెను. కదలని ఇసుక అడుగున నల్లబడి, క్రుళ్లిన గ్రుడ్డు వాసనగల వాయువును పుట్టించును. ఆమె తొట్టిలోని వాసన యిట్టిదేయైనచో ఒక్కనాడే అంతయు కెలికివేయక, నాలుగైదు విడతలుగా, ప్రతిసారి నీరు మార్చుచు చేయుట క్షేమము. వారమునకు నాలుగవవంతు మొదలు మూడవవంతు వరకు నీటిని మార్చవలెను. క్లోరిను నీటిని నిలవయుంచిన పోవును గాని, అనేక పట్టణములలో వాడు క్లోరమిను అట్లు పోదు. విరుగుడు మందు కలుపక తప్పదు.

మేత మితముగా వేసి, మిగిలినదానిని వెంటనే వలతో తీయవలెను. దీపపు వెచ్చదనము, ఎక్కి ఆరుటకు మెట్ట యుండవలసినవే. అవి అంగడివారే చెప్పుదురు.

అంగడివారు చెప్పనిది మరియొకటి గలదు. ఆరోగ్యముగానున్న తాబేలైనను సాల్మొనెల్లా యను క్రిమిని మోయుచుండవచ్చును. పసిపిల్లలు చిన్న తాబేళ్లను నోట పెట్టుకొని జబ్బుపడుచుండుటచేతనే అమెరికా ప్రభుత్వము 1975లో, చిప్ప నాలుగంగుళములకు తక్కువగానుండు తాబేళ్ల అమ్మకమును నిషేధించెను. ఐదేండ్లలోపు శిశువులున్న యింట తాబేలును పెంచవలదనియే అచ్చటి ఆరోగ్యశాఖవారి సలహా. మా అభిప్రాయమును అదియే. పాప కొంత పెరుగువరకు దానిని తగినవారి కప్పగించుట మేలని మేమా సోదరికి వ్రాసితిమి. ఉంచియే తీరుదుమన్నచో తొట్టి పాపకందని గదిలో నుండవలెను. మురికినీటిని వంటయింటి తొట్టిలో పోయరాదు. బకెట్టును గొట్టమును వేరుగా నుంచవలెను. బాలుడు ముట్టిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఆ తాబేలు కరచును గూడ.

ఆడుదైనచో అది పదునెనిమిది అంగుళముల వరకు పెరుగవచ్చును. అప్పుడు నట్టింటి తొట్టి చాలదు. అట్లని సమీపమునగల యేటిలో విడుచుట తగదు.

ఇది చదివి మనదేశమున నున్న సోదరీమణులెవరైనను చెరువులోని తాబేలును తెచ్చి పెంచగోరుదురేమో! వెనుకకాళ్లను కప్పు చర్మపురెక్కలు గల మన మెత్తచిప్ప తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముయొక్క మొదటి షెడ్యూలులో చేరియున్నది. దానిని పట్టుటయు, ఇంట నుంచుకొనుటయు శిక్షార్హము. వరిమడిలోనో బావిలోనో చిక్కుకొని కనబడినచో అటవీశాఖవారికి తెలియజేయవలెను.