చెరిపి రాసిన ఫైలు తిరిగి వస్తుందా?

పిల్లలూ! అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి విని, మీరు నాలుగు రోజులు కూర్చుని దాన్ని కంప్యూటరులో టైపు చేశారనుకుందాం. ఆ ఫైలుకు "కథ" అని పేరు పెట్టారు. మర్నాడు మీ తమ్ముడు తన కథ రాసుకుని, దానికీ అదే పేరు పెట్టాడు. "ఈ పేరుతో ఇదివరకే ఒక ఫైలున్నది. దాని స్థానంలో దీన్ని ఉంచమంటారా?" అని కంప్యూటరు అడిగింది. వాడు చదవకుండానే సరేనన్నాడు. అంతే! మీ కథ మాయమయింది. చెత్తబుట్టలో వెతికితే అక్కడా లేదు. మనం తీసి పారేసిన ఫైళ్ళు చెత్తబుట్టలోకి పోతాయిగాని, ఇలా మరొక ఫైలు కింద పడినవి సాధారణంగా అందులోకి పోవు.

మరి ఆ కథ ఏమయినట్టు?

కంప్యూటరులోని డిస్కును లక్షల కొద్దీ చిన్న గూళ్ళున్న బీరువా అనుకోండి. విండోస్ కంప్యూటర్లలో సాధారణంగా ఒక్కొక్క గూట్లో 4,096 బైట్లు పడతాయి. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో "అమ్మ" అనే మాటకు 12 బైట్లు కావాలి. ఒక్కొక్క బైటుకు ఎనిమిది బిట్లు. అంటే ఆ చిన్న మాటకే 96 బిట్లన్న మాట! ఏ ఫైలు ఏ గూళ్ళలో ఉన్నదో తెలిపే పట్టిక కూడా డిస్కులోనే ఉంటుంది.

మనం ఒక ఫైలును పూర్తిగా తీసేసినప్పుడు కంప్యూటరు గూళ్ళను ఖాళీ చేయదు. పట్టికలో మాత్రం "ఇవి ఖాళీ" అని గుర్తు పెట్టుకుంటుంది. ఫ్యాట్ అనే పాత పద్ధతిలోనయితే, ఫైలు పేరులోని మొదటి అక్షరాన్ని తీసి ఒక గుర్తు వేస్తుంది. సరుకు ఎక్కడిది అక్కడే ఉంటుంది. అందుకే అలాంటి ఫైళ్ళను వెతికి తెచ్చే ప్రోగ్రాములున్నాయి.

చెరిపి రాయటం అలా కాదు. ఇందులో రెండు రకాలు. కొన్ని ప్రోగ్రాములు కొత్త సరుకును పాత గూళ్ళలోనే పోస్తాయి. అప్పుడు పాతది పోయినట్టే. కొత్త కథ చిన్నదయితే, పాత కథలో చివరి ముక్క ఏదయినా మిగిలి ఉండవచ్చు. మరికొన్ని ప్రోగ్రాములు కొత్త కథను వేరే గూళ్ళలో రాసి, తరవాత పట్టికను మారుస్తాయి. అప్పుడు పాత కథ పేరు లేకుండా తన గూళ్ళలోనే పడి ఉంటుంది. మన ఆశంతా దాని మీదనే! అయితే, తిరిగే పళ్ళెం లేని ఎస్ఎస్‌డి డిస్కులు ఖాళీ అని గుర్తుపెట్టిన గూళ్ళను తమంతట తామే శుభ్రం చేసుకుంటాయి. వాటిలో ఆశ తక్కువ.

"కొత్త రాత కింద పాత రాతను చదవలేమా?" అని మీరు అడగవచ్చు. కాగితం మీద పెన్సిలుతో గట్టిగా రాసి, రబ్బరుతో చెరిపి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. పాత అక్షరాల గాడి కనిపిస్తుంది. గ్రీకు శాస్త్రజ్ఞుడు ఆర్కిమెడీస్ గ్రంథాలకు 10వ శతాబ్దంలో తోలు పత్రాలపై రాసిన ప్రతి ఒకటున్నది. 13వ శతాబ్దంలో ఎవరో ఆ అక్షరాలను గీకివేసి, వాటి మీద ప్రార్థనలు రాశారు. 1906లో హైబెర్గ్ అనే పండితుడు ఆ కింది రాతను గుర్తుపట్టాడు. 2005లో శాస్త్రజ్ఞులు ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి, పాత సిరాలోని ఇనుము ఆధారంగా, కంటికి కనబడని అక్షరాలను కూడా చదివారు.

కాని డిస్కులో సిరా లేదు. 1996లో పీటర్ గట్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో చూస్తే చెరిపిన గుర్తుల జాడ దొరకవచ్చునన్నాడు. 2008లో మరికొందరు పరీక్షించి చూశారు. వాడకంలో ఉన్న డిస్కు మీద ఒక్కొక్క బిట్టును ఊహించటం బొమ్మా బొరుసా వేయటం కంటే ఏ కొంచెమో మెరుగనిపించింది. "అమ్మ" అన్న మాట రావాలంటే వరసగా 96 సార్లు సరిగా చెప్పాలి మరి!

అందుచేత ఫైలు పోయిందని తెలియగానే కంప్యూటరు వాడటం ఆపెయ్యండి. కొత్తగా ఏది రాసినా అది పాత గూళ్ళలో పడవచ్చు. ఫైళ్ళను వెతికే ప్రోగ్రామును కూడా ఆ డిస్కులోకి దింపకండి. పెద్దవాళ్ళను పిలిచి, ఫైలు పాత ప్రతులు ఏమయినా దాచబడి ఉన్నాయేమో చూడమనండి. విండోస్‌లో "ఫైల్ హిస్టరీ", మాక్‌లో "టైమ్ మెషీన్" ఈ పని చేస్తాయి. అయితే వాటిని ముందుగానే నడిపించి ఉండాలి. ఇల్లు తగలబడ్డాక బావి తవ్వితే ఏం లాభం?

ఆర్కిమెడీస్ రాసిన ఒక గ్రంథానికి ఈ లోకంలో మిగిలింది ఆ గీకేసిన ప్రతి ఒక్కటే. రెండో ప్రతి ఉంటే అంత శ్రమ పడవలసిన అవసరమే ఉండేది కాదు. ఈ రోజే మీ అమ్మమ్మ కథను మరోచోట కూడా దాచండి. పేరు మాత్రం "కథ" అని కాక, తేదీతో సహా పెట్టండి!