పొడి అక్షరంలో పోతున్న ఊరు
ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించేయడం మనకు మనం చేసుకుంటున్న నష్టం. టంగుటూరి అన్న మాటనే చూడండి. ఊరి పేరు టంగుటూరు. చివరి ‘రు’ కాస్తా ‘రి’ అయ్యేసరికి ‘ఆ ఊరికి చెందిన’ అన్న అర్థం వచ్చేసింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో పుట్టింది వినోదరాయునిపాలెంలో, అయినా టంగుటూరు పేరే ఆయన పేరు ముందు నడిచింది. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిందేమో తిరుత్తణి దగ్గర. కుటుంబం వచ్చిన దారి ఆ ఇంటిపేరులో ఉంది. ‘ఎస్’ అని రాస్తే అది కనిపిస్తుందా? కరణం లాంటి, వృత్తి నుంచి వచ్చిన ఇంటిపేర్లదీ ఇదే గతి. పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాయించండి. అది ఎక్కడిదో ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడిగి తెలుసుకోండి.